పిడికి వేసిన బంతిపూల దండ

బిడ్డకు ఒంట్లో బాగాలేనప్పుడు తల్లి చేతులు ఒక చోట ఉంటాయి, ప్రాణం ఇంకొక చోట ఉంటుంది. చౌడేశ్వరి చేతులు ఈతకోన డ్యాంలో తిరిగే షికారు బోటు మీద చిప్స్ కవర్లు ఏరుతున్నాయి. ప్రాణం మాత్రం కట్ట అవతల ఊళ్ళో, అత్త భారతమ్మ ఒళ్ళో పడుకున్న తేజస్విని దగ్గర ఉంది. రెండేళ్ళు ఇంకా నిండని పిల్ల. నిన్న మధ్యాహ్నం బేదులు మొదలయ్యాయి. పొద్దుటికి వాంతులు కూడా తోడై, పిల్ల మెడ నిలపడం మానేసింది.

"పండ్లొస్తా ఉండాయి మే, అంతే," అంది భారతమ్మ. "దిష్టి కూడా తగిలుంటాది. పండగపూట కొత్త గౌను తొడిగి వీధంతా తిప్పితివి గదా."

ఆశా వర్కరు ఇచ్చిపోయిన పొడి ప్యాకెట్లు అత్త చేతిలో పెట్టి, "నీళ్ళలో కలిపి ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు తాపించత్తా. రవ్వ రవ్వ తాపిస్తానే ఉండు," అని మరీ మరీ చెప్పి వచ్చింది చౌడేశ్వరి. మొగుడు మురుగేష్ శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికి పోయాడు. అక్కడ ఫోను గేటు దగ్గరే పెట్టించుకుంటారు. సాయంత్రం దాకా అతను ఉన్నా లేనట్టే.

సెలవు అడక్కపోలేదు. మేనేజరు దామోదరం మెడలో ఈల వేలాడేసుకుని టికెట్లు చింపుతూ నవ్వాడు.

"దసరా సెలవలు. తిరుపతి నుంచి, చెన్నై నుంచి జనం తోసుకోని వస్తా ఉండారు. మీ పాపకు బేదులని నువ్వు ఇంట్లో కూసుంటే ఈడ కక్కూసు నేను కడగల్నా? మధ్యాన్నం ట్రిప్పు అయినాక పో."

మధ్యాహ్నం ట్రిప్పు ఇదే. తిరుపతి నుంచి ఒక పెద్ద కుటుంబం, తాత అవ్వల నుంచి చంటిపిల్లల దాకా, బోటంతా మాట్లాడుకుని వచ్చింది. పులిహోర డబ్బాలు, మురుకుల సంచులు, ఒక పాటల డబ్బా. వాళ్ళకందరికీ పెద్దది చంద్రకాంతమ్మ. చక్కెర జబ్బు మనిషి. బోటు ఒడ్డు వదలకముందే రెండు మార్లు కక్కూసుకు పోయి వచ్చింది. ఆమె వెనకాలే నీళ్ళు కొట్టి తుడవడానికి చౌడేశ్వరి లోపలికి పోయింది.

లోపల ఈగలు. పీట కింద, గొట్టం పక్కన, ఆయుధపూజకు వేసిన బంతిపూల దండ కుళ్ళి నల్లబడి ఉంది. పూజచేసిన దండను మనిషి తీయకూడదు, వాడి దానంతట అది రాలాలి అని ఓబయ్య మాట. బోటు డ్రైవరు ఓబయ్య అలాంటి వాటికి గట్టి మనిషి. కానీ ఈగలు అంతగా ముసిరేసరికి చౌడేశ్వరి మనసులోనే చెంపలు వేసుకుని, రెండు వేళ్ళతో దండ తీసింది.

దండ కింద ఇనుప పిడి నిటారుగా నిలబడి ఉంది.

ఆమె చేతిలోని దండ కింద పడిపోయింది.

ఆ బోటు సముద్రం మీద తిరిగి తిరిగి వచ్చిన పాత సరుకు. కక్కూసు గొట్టం కిందికి పోయి రెండుగా చీలుతుంది. ఒక పాయ బోటు అడుగున ఉన్న ట్యాంకులోకి, ఇంకొక పాయ నేరుగా నీళ్ళలోకి. చీలిక దగ్గర జానెడు పిడి. అది పడుకుని ఉంటే మలమూత్రాలు ట్యాంకులో పడతాయి, సెప్టిక్ ట్యాంకు బండి ఒడ్డుకు వచ్చి లాక్కుపోతుంది. అది నిలబడితే అంతా డ్యాంలోకే. సముద్రంలో ఏం చేశారో గానీ, ఈ డ్యాం నీళ్ళు ఊరు తాగుతుంది. అందుకే బోటు వచ్చిన రోజే ఓబయ్య పిడిని పడుకోబెట్టి, బైండింగు వైరుతో మెలికలు వేసి బిగించాడు. "ఇది లేసిందంటే మన పిలకాయలకు మనమే తాపించినట్టు," అని చౌడేశ్వరికి చూపించి మరీ చెప్పాడు.

మరి లేపింది ఎవరు? చౌడేశ్వరే.

ఆయుధపూజ నాడు దామోదరం, "ఒక్క ఇనుము కూడా వదలొద్దు, అన్నిటికీ బొట్టు పెట్టాల," అన్నాడు. ఇంజనుకు, లంగరుకు, స్టీరింగుకు, ఆఖరికి ఈలకు కూడా పసుపు కుంకుమ. ఆమె కక్కూసు కడిగి, వైరు తుప్పు పట్టి ఉందని విప్పి, పిడి తళతళలాడేలా తోమింది. దండ వేస్తే జారిపోతోంది. పడుకున్న దానికి దండ ఎట్లా నిలుస్తుంది? ఒక్క నిమిషం నిలబెట్టి దండ వేసి, గంధం పెట్టి, మళ్ళీ పడుకోబెడదామని అనుకుంది. అంతలో పైన గంట మోగింది. "హారతి! అందరూ రండప్పా!" అని ఓబయ్య కేక వేశాడు. పరుగెత్తింది. హారతి అయ్యాక ఓబయ్యే చెప్పాడు, "పూజ చేసినవి మరుపూజ దాకా ఎవురూ కదపొద్దు. తల్లి వాటిలో కూసోనుంటాది." మర్నాడు మరుపూజకని ఇంజను దగ్గర టెంకాయ కొట్టి బోటు తీశారు. కక్కూసులో దండ దండలాగే ఉండిపోయింది.

ఇన్నాళ్ళూ అనుమానం రాలేదా? ఇంత జనం వస్తున్నా ట్యాంకు నిండలేదేమని మొన్న అడిగింది. దామోదరం పొట్ట నిమురుకుంటూ, "మన ట్యాంకు అగస్త్యుడి కడుపు మాదిరి ఉండాది. ఎంత పోసినా నిండటంల్యా. బండి వాడికిచ్చే దుడ్లు మిగుల్తా ఉండాయి లే," అన్నాడు. తానూ నవ్వింది. నవ్వింది!

బోటు కట్టేసే చోటు నుంచి పిలిస్తే పలికేంత దూరంలో ఊరికి నీళ్ళు తోడే బావి ఉంది. ఒడ్డున నిలబెట్టినప్పుడే జనం ఎక్కువగా కక్కూసుకు పోతారు. బావిలోంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు, ట్యాంకు నుంచి కొళాయికి, కొళాయి నుంచి బిందెకు, బిందె నుంచి గ్లాసుకు, గ్లాసులో పొడి, పొడి కలిపిన నీళ్ళు ఉగ్గుగిన్నెలోకి. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు తాపించత్తా. రవ్వ రవ్వ తాపిస్తానే ఉండు.

చౌడేశ్వరి పిడి పట్టుకుని బలమంతా పెట్టి తిప్పింది. సగం దాకా వచ్చి ఆగింది. లోపల ఎవరో వేసిన గుడ్డో ఏదో అడ్డం పడినట్టుంది. కాలు తన్నిపెట్టి లాగింది. అరచేయి చీరుకుపోయింది తప్ప పిడి కదలలేదు. బయటికి వచ్చి తలుపు గడియ వేసి, నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పి గడియకు ముడి మీద ముడి వేసింది.

పైకి పరుగెత్తింది. ఓబయ్య స్టీరింగు దగ్గర ఉన్నాడు. పక్కన దామోదరం మైకు పట్టుకుని, "ఎడమ పక్క సూడండి సార్, ఏనుగు పడుకున్నట్టు ఉండే కొండ. సినిమావాళ్ళు వచ్చి సూసి పోయినారు," అని చెబుతున్నాడు.

"అన్నా, పిడి లేసుండాది," అంది చౌడేశ్వరి ఊపిరి అందక. "పూజనాడు నేనే లేపినా. దించల్యా. ఇన్నాళ్ళూ అంతా డ్యాంలోకే పోయిండాది."

ఓబయ్య గిర్రున ఆమె వైపు తిరిగాడు. "నేను కట్టిన వైరు ఏమైంది మే?"

"విప్పి తోమినా."

దామోదరం మైకు ఆపాడు. జనం వైపు ఒక నవ్వు విసిరి, ఆమె చెవి దగ్గరికి వంగాడు. "గమ్మున ఉండు. ఇంత డ్యాంలో నాలుగు చెంబులు ఏమూలకు? చేపలు యాడ పోతాండాయి, బర్రెలు యాడ పోతాండాయి? నువ్వేమన్నా లెక్క సూసినావా?"

"మా తేజుకు బేదులు సార్. వీధిలో ఇంకా పిలకాయలకు ఉండాయంట. బోటు తిప్పండి సార్, నీ కాళ్ళు మొక్కుతా. ఈడ సిగ్నలు ల్యా. మా అత్త అవే నీళ్ళు తాపిస్తా ఉంటాది."

"ట్రిప్పు మధ్యలో తిప్పితే వాళ్ళు ఊరుకుంటారా? దుడ్లు కట్టినారు. ఓబయ్యన్నా, నువ్వు పోనీ."

ఓబయ్య చెయ్యి స్టీరింగు మీదే ఉంది. తిప్పలేదు, పోనివ్వనూ లేదు. ఇంజను గొణుగుతూ బోటు అక్కడే మెల్లగా ఊగింది.

అప్పుడే కింద నుంచి కేక. "ఎవుర్రా కక్కూసుకు గుడ్డ కట్టింది? ఉరి బిగిచ్చినట్టు కట్టినారే!"

చంద్రకాంతమ్మ. ఒక చేత్తో కడుపు, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. చౌడేశ్వరి పరుగెత్తి పోయి తలుపుకు వీపు ఆనించింది.

"అవ్వా, దీంట్లో పోగూడదు. చెడిపోయిండాది."

"చెడిపోతే నువ్వు బాగుచేసుకో, నన్ను పోనీ. నాకు చక్కెర జబ్బమ్మాయ్, ఆగదు."

"పోతే నీళ్ళలో పడతాదవ్వా. ఊరు తాగే నీళ్ళు. నా బిడ్డ తాగే నీళ్ళు." ఏడుపు వచ్చేసింది. "ఇంతదాకా తాగిందవ్వా. నా చేత్తోనే తాపించినా."

చంద్రకాంతమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఏమనుకుందో, "మరి నేనేం చేసేది? కోకలో పొయ్యల్నా?" అంది.

చౌడేశ్వరి గది తుడిచే బకెట్టు తెచ్చింది. దానికి మూత ఉంది. బోటు వెనక మూల పరదా లాగి, తానే చీరకొంగు కూడా అడ్డం పట్టి నిలబడింది. ముసలమ్మ, "ఏడుకొండలవాడా, ఈ వయసులో నాకీ భోగం," అని మూలుగుతూ కూర్చుంది. కూర్చున్నాక చాలాసేపు లేవలేదు. కోడళ్ళు అటు తిరిగి నవ్వుకుంటున్నారు.

"నవ్వండే, నవ్వండి. మీ వంతు కూడా వస్తాది," అంది లోపల నుంచే. లేచి చీర సర్దుకుని, చౌడేశ్వరి బకెట్టుకు మూత బిగించడం చూసింది. "దీన్నేం చేస్తావు?"

"ఒడ్డున దూరంగా గుంత తీసి పూడుస్తానవ్వా."

చంద్రకాంతమ్మ తలాడించి, నేరుగా పై అంతస్తుకు మెట్లెక్కింది. కొడుకు పాటల డబ్బా పక్కన ఊగుతున్నాడు.

"ఒరే, ఆపరా దాన్ని. నేను అందరి ముందర బకెట్టులో కూసోని వస్తిని. ఇంక నాకు ఏ ఏనుగూ చూడాల్సిన పనిల్యా. ఈ పిల్ల బిడ్డకు బాగల్యా. బోటు తిప్పించు."

"అది కాదమ్మా, ఇంకా సగం కూడా..."

"తిప్పిస్తావా, నన్ను ఈడ్నే దూకమంటావా?"

దామోదరం ఏదో అనబోయాడు. అంతలోనే ఓబయ్య స్టీరింగు తిప్పేశాడు. ఎవరి మాట కోసం తిప్పాడో ఎవరికీ తెలియదు.

ఒడ్డు దగ్గరవుతుంటే దామోదరం చౌడేశ్వరి పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఈసారి నవ్వు లేదు. "బిడ్డను ఆసుపత్రికి తీసుకోని పో, కాదనను. పిడి మాట మాత్రం ఎత్తొద్దు. ఎత్తితే బోటు మూస్తారు, ఓబయ్య ఇల్లు మూస్తారు. లేపింది నేను కాదు, నువ్వు. ఊరోళ్ళు నిన్ను బతకనిస్తారా?"

అతను చెప్పిందంతా నిజమే.

బకెట్టు ఓబయ్య చేతిలో పెట్టింది. "పూడ్చన్నా. పిడి సంగతి సూడు." కట్ట మీదికి ఎక్కగానే ఫోనులో సిగ్నలు గీతలు కనబడ్డాయి.

"అత్తా! పాప ఎట్లుండాది?"

"కండ్లు తెరవటంల్యా మే," అంది భారతమ్మ. ఆ గొంతులో పొద్దుటి ధీమా లేదు. "నాలుక ఆరిపోతా ఉండాది. నువ్వు చెప్పినట్టే తాపిస్తానే ఉండా. తాపిందంతా పోతా ఉండాది."

"తాపొద్దత్తా! ఆ నీళ్ళు తాపొద్దు. అంగట్లో సీసా నీళ్ళు తెచ్చి వాటిలో పొడి కలుపు. ఎత్తుకోని రోడ్డు మీదికి రా, నేను వస్తా ఉండా."

"గంగమ్మ నీళ్ళకు ఏమొచ్చె? నీకేమన్నా పట్టిందా?"

చెప్పే టైము లేదు. పరుగెత్తింది. దారిలోనే పంపు గది. మోటారు హోరుమంటోంది. బయట నులకమంచం మీద ఆదికేశవులు చెవిలో పుల్ల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఊరికి నీళ్ళు వదిలేది అతనే.

"మామా, మోటరు ఆపు!"

"ఆపితే సాయంత్రం కొళాయిల కాడ ఆడోళ్ళు నన్ను కొడతారు. ఎవురు చెప్పినారు? ఆర్డరు ఉండాదా?"

"నేను చెప్తా ఉండా. బోటు కక్కూసు నీళ్ళన్నీ డ్యాంలో పడినాయి. బావి పక్కనే. పండగ కాడ్నుంచి."

ఆదికేశవులు పుల్ల తీశాడు. "ఎవురు చేసింది?"

ఇక్కడ చెప్పకుండా ఉండవచ్చు. గొట్టం పగిలింది అనవచ్చు. బోటువాళ్ళు అనవచ్చు. ఆమె నోరు ఆ మాటలు వెతికింది కూడా. కానీ అట్లా అంటే అతను దామోదరానికి ఫోను చేస్తాడు, దామోదరం అదేమీ లేదంటాడు, మోటారు తిరుగుతూనే ఉంటుంది.

"నేనే మామా. ఈ చేత్తో."

చీరుకున్న అరచేయి చాపింది. ఆదికేశవులు ఆ చేతిని చూడలేదు. లేచి లోపలికి పోయాడు. మోటారు హోరు ఒక్కసారిగా ఆగిపోయింది.

"ట్యాంకులో ఉండే నీళ్ళు?" అంది.

"వాల్వు కట్టేస్తా. బిందెల్లో పట్టిపెట్టుకున్నవి నేనెట్ల ఆపేది?" మోపెడ్ తన్ని స్టార్టు చేశాడు. "ఎక్కు. గంగమ్మ గుడికాడ మైకు ఉండాది. నువ్వే చెప్పాల. నేను చెప్తే ఆఫీసోళ్ళు నన్ను అడుగుతారు."

గుడి దగ్గర పండగ మైకు ఇంకా విప్పలేదు. పాట ఆపి, ఆదికేశవులు మైకు ఆమె చేతికిచ్చాడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నాటి నుంచి ఆమె నలుగురి ముందు నోరు తెరిచి ఎరగదు. మైకు కీచుమని అరిచింది.

"నేను... భారతమ్మ కోడల్ని. చౌడేశ్వరిని. కొళాయి నీళ్ళు ఎవురూ తాగొద్దు. పట్టి పెట్టుకున్నవి పారబొయ్యండి. పిలకాయలకు తాపొద్దు. బోటు కక్కూసు నీళ్ళు కలిసినాయి. పూజనాడు నేను పిడి లేపి, దించడం మర్సిపోయినా. ఎవురి బిడ్డకన్నా బేదులుంటే బిరీన ఆసుపత్రికి రండి."

తన గొంతు స్తంభాల మీద నుంచి ఊరంతా తిరిగి తిరిగి తన చెవుల్లోకే వచ్చింది. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బయటికి వచ్చారు. ఒకామె వాకిట్లోనే బిందె తిరగేసింది. ఇంకొకామె దుమ్మెత్తి పోసింది. ఎవరో, "పూజంట, కక్కూసుకు!" అని ఉమ్మేశారు. చౌడేశ్వరికి ఏదీ పూర్తిగా వినబడలేదు. రోడ్డు మీద అత్త, అత్త భుజం మీద గుడ్డపేలికలా వేలాడుతున్న తేజు.

ఆటో ఆపితే పక్కింటి సంతోషమ్మ కూడా ఎక్కింది. ఆమె ఒళ్ళో నాలుగేళ్ళ సుజన. ఆ పిల్లకూ పొద్దుటి నుంచి అదే. ఆటో కదిలాక సంతోషమ్మ ఒకే మాట అంది.

"మంచి పూజే చేసినావు మే. మా పిలకాయలకు."

భారతమ్మ కోడలి ముఖం చూడలేదు. కానీ పిల్లను ఆమె ఒళ్ళో వేసింది. ఆటో నగరి ఆసుపత్రి దారి పట్టింది. గతుకు వచ్చినప్పుడల్లా తేజు తల అటూ ఇటూ ఊగుతుంటే చౌడేశ్వరి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూనే ఉంది.

ఆసుపత్రిలో సూది గుచ్చడానికి నరం దొరకడమే కష్టమైంది. నరాలు ముడుచుకుపోయాయి. చివరికి పాదంలో దొరికింది. సెలైను బొట్టు బొట్టుగా దిగుతోంది. డాక్టరమ్మకు చౌడేశ్వరి జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆమె కోప్పడలేదు.

"ఆ నీళ్ళ వల్లనో కాదో పరీక్షకు పంపితేగానీ తెలీదు. ఊళ్ళోకి మనుషుల్ని పంపమని ఇప్పుడే ఫోను చేస్తాను. నువ్వు చెప్పకపోతే మేం ఇంకా పండగలో తిన్న జిలేబీల వల్లనే అనుకునేవాళ్ళం." పిల్ల కడుపు చర్మం పట్టి వదిలి చూసింది. "బాగా ఎండిపోయింది. ఉచ్చ పోస్తే నాకు చెప్పు. అది పడేదాకా నమ్మకంగా ఏమీ చెప్పలేను."

పక్క మంచం మీద సుజనకు కూడా సెలైను. సంతోషమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది.

చౌడేశ్వరి తేజును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాటిమాటికీ గుడ్డ కింద చెయ్యి పెట్టి చూసింది. పొడి. ఒక సీసా అయిపోయింది, ఇంకొకటి పెట్టారు. పొడి. భారతమ్మ బయట వరండాలో ఎవరికో ఫోనులో చెబుతోంది, "మర్సిపోయిందంటప్పా, ఏం చేసేది, చంపేస్తామా?" కిటికీ అవతల బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. దీపాలు పెట్టారు. మళ్ళీ చెయ్యి పెట్టింది. పొడి. గంగమ్మా, ఆ పిడిలో నువ్వే కూర్చున్నావన్నారు గదా, మరి ఒక్క మాట చెప్పకపోతివే తల్లీ అని మనసులో తగవు పెట్టుకుంది. తగవు పెట్టుకుంటూనే మొక్కింది.

ఒళ్ళో ఏదో వెచ్చగా తగిలింది.

మొదట తన భ్రమ అనుకుంది. వెచ్చదనం మెల్లగా తొడ మీదికి పాకింది. గుడ్డ తడిసింది, చీర తడిసింది. తేజు ముఖం ముడుచుకుని, సన్నగా, పిల్లికూనలా ఏడ్చింది. చౌడేశ్వరి కదలలేదు. కదిలితే ఆగిపోతుందేమో అన్నట్టు ఊపిరి బిగబట్టి, ఆ తడిలోనే కూర్చుంది.

"పోసిందా?"

సంతోషమ్మ. గోడ వైపు నుంచి తల తిప్పలేదు.

"పోసిందక్కా."

చెయ్యి వెనక్కి చాపి సుజన కింది గుడ్డ తడిమి చూసింది. తరవాత, "మాది ఇంకా పొయ్యల్యా," అంది సంతోషమ్మ. ఆ మాటలో తిట్టు లేదు. అదే భరించలేకపోయింది చౌడేశ్వరి.

అత్తను పిలిచి తేజును చేతికిచ్చి, నర్సుకు చెప్పి వచ్చింది. తడిచీరతోనే పోయి సుజన మంచం పక్కన నేల మీద కూర్చుంది. సంతోషమ్మ జరిగి చోటివ్వలేదు, పొమ్మనీ అనలేదు. సెలైను బొట్లు పడుతున్నాయి. పిల్ల కింద పరిచిన గుడ్డ మీద చెరొక చెయ్యి పెట్టుకుని, ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు.